ప్రళయం తెచ్చిన మట్టా, గడ్డి పెంచిన మట్టా? 1883 నుంచి తెగని తగువు

జలప్రళయం మీద వాదన మళ్లీ రాజుకుంది. ఈసారి అందులోకి మట్టి కూడా వచ్చి పడింది. వాదం నడిచే తీరు ఇది. సుమారు 12,800 ఏళ్ల కిందట ఓ తోకచుక్క ముక్కలు భూమిని తాకాయి. మంచుపలకలు కరిగి నీళ్లు లోకాన్ని ముంచాయి. అప్పటికే వెలుగుతున్న ఒక గొప్ప నాగరికత కొట్టుకుపోయింది. బతికి బయటపడ్డవాళ్లు దేశదేశాలు తిరిగి వేటగాళ్లకు సేద్యం నేర్పారు. మంచి నేలలన్నీ ఆ వరద విడిచిన ఒండ్రో, ఆ మహానుభావులు చేసిపెట్టిన మట్టో అన్నది దీన్ని మోసేవాళ్లలో కొందరు తర్వాత తగిలించిన తోక.

బ్రిటిష్ రచయిత గ్రాహమ్ హాన్‌కాక్ ఈ వాదాన్ని చెప్పే నెట్‌ఫ్లిక్స్ సిరీస్ 2022లో ఒక భాగం, 2024లో ఇంకో భాగం రావడంతో ఈ కథ ఇంటింటికీ చేరింది. మొదటి భాగం వచ్చిన నెలలోనే అమెరికా పురావస్తు శాస్త్రవేత్తల సంఘం నెట్‌ఫ్లిక్స్‌కు బహిరంగ లేఖ రాసింది. దాన్ని డాక్యుమెంటరీల కోవలోంచి తీసి సైన్స్ ఫిక్షన్‌లో పెట్టమంది. ఆ లేఖ వల్ల సిరీస్‌కు చూసేవాళ్లు పెరిగారే గాని తగ్గలేదని నా అనుమానం.

మనువు చేప, నోవా ఓడ, గిల్గమెష్ కథలో వచ్చే ఉత్నపిష్తిం, ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. వాటిని మళ్లీ చెప్పను. ఇలాంటి నేపథ్య కథనాలు మామూలుగా 1872లో బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ ప్రళయగాథ ఉన్న మట్టిపలక చదవడంతోనో, 1927లో హార్లెన్ బ్రెట్జ్‌ను తోటి భూవిజ్ఞానులు నిలదీయడంతోనో మొదలవుతాయి. నా లెక్కలో అసలు మలుపు ఆ రెంటికీ నడుమ ఉంది. 1883లో అచ్చయిన రెండు పుస్తకాల్లో.

మొదటిది ఇగ్నేషియస్ డొనెలీది. మిన్నెసోటా నుంచి అమెరికా కాంగ్రెస్‌లో కూర్చున్న రాజకీయ నాయకుడు, మంచి వక్త. అట్లాంటిస్ నిజమేనంటూ అంతకుముందు ఏడాది రాసిన పుస్తకంతో పేరు మోగింది. ఉత్తరాది ఖండాల మీద పరుచుకున్న బంకమట్టి, గులకరాళ్ల గుట్టలు హిమానీనదాలు తెచ్చినవి కావని, తోకచుక్క భూమి మీద కురిపించి పోయినవని 1883 పుస్తకంలో వాదించాడు. ఆ నిప్పునూ ఆ చీకటినీ చూసినవాళ్ల జ్ఞాపకాలే పురాణాలయ్యాయన్నాడు. ఈనాటి సిరీస్‌లో ఉన్న ఎముకల గూడు మొత్తం అక్కడే ఉంది. తేదీలు, గ్రాఫిక్స్ కొత్తవి.

రెండోది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో భూవిజ్ఞాని వసీలీ దొకుచాయెవ్ రాసిన సిద్ధాంత గ్రంథం. దాన్ని ఎవరూ సిరీస్‌గా తీయలేదు. రష్యాకు అన్నం పెట్టే చెర్నోజెమ్ నల్లమట్టి నేలల్ని 1870లలో కరవు పీడించింది. అసలు ఆ మట్టి ఏమిటో తేల్చమని ఫ్రీ ఎకనామిక్ సొసైటీ 1877లో ఆయనకు పని అప్పగించింది. అప్పటికి ఆ నలుపు గురించి చలామణిలో ఉన్న కథల్లో గట్టిది, అది వెనక్కి తగ్గిన సముద్రం విడిచిన బురద అన్నది. చెప్పింది దారిన పోయే దానయ్యలు కారు. 18వ శతాబ్దంలో రష్యా అంతా చుట్టిన పల్లాస్, ఆ తర్వాత బ్రిటిష్ భూవిజ్ఞాని మర్చిసన్ లాంటివాళ్లు నీటి అడుగు బురద వైపే మొగ్గారు. గడ్డి వల్ల ఏర్పడిందని 1866లో వృక్షశాస్త్రవేత్త రూప్రెహ్ట్ అన్నాడు గాని అది ఎక్కువమందికి ఎక్కలేదు.

దొకుచాయెవ్ చేసింది గోతులు తవ్వించి చూడటం. వేల కిలోమీటర్లు తిరిగాడు. సముద్రం తెచ్చి పోసిన మట్టి అయితే కింది రాతికీ పై మట్టికీ మధ్య గీత గీసినట్టు హద్దు కనపడాలి, గవ్వలు దొరకాలి. ఏ గోతిలో చూసినా నలుపు మెల్లగా పలచబడుతూ కింది పదార్థంలో కలిసిపోయింది. సుద్దరాయి మీదా అదే నలుపు, బంకమట్టి మీదా అదే, గాలి తెచ్చి పోసిన లోయెస్ మీదా అదే. మట్టిలో కుళ్లిన సేంద్రియ పదార్థం ఎంతుందో కొలిచి పటం మీద గీస్తే పట్టీలు పట్టీలుగా వచ్చింది. ఆ పట్టీలు వానకూ, ఎండకూ, గడ్డికీ సరిపోయాయి. పాత సముద్రాల ఒడ్డుతో వాటికి సంబంధం కనపడలేదు. ఏటా మొలిచి, ఎండి, వేళ్లతో సహా చచ్చే గడ్డి వేల ఏళ్ల పాటు అక్కడికక్కడే తయారుచేసిన మట్టి అది. రాయి, వాతావరణం, జీవం, నేల వాలు, కాలం, ఈ అయిదూ కలిస్తే మట్టి అవుతుందన్న ఆయన మాట మీదే ఇవాళ్టి మృత్తికాశాస్త్రం నిలబడి ఉంది.

డొనెలీ అడిగింది, ఈ మట్టిని ఎవరు తెచ్చారు అని. దొకుచాయెవ్ అడిగింది, ఇది ఇక్కడ ఎలా అయింది అని. నూట నలభై ఏళ్లుగా సాగుతున్న తగువులో ఎవరు ఏ ప్రశ్న పట్టుకున్నారో చూస్తే చాలు, తర్వాత ఏం చెప్పబోతున్నారో ఊహించవచ్చు.

ప్రళయాన్ని శాస్త్రవేత్తలు మొదటి నుంచీ తొక్కిపెట్టారనే ఫిర్యాదు గురించి ఓ మాట. 1823లో ఆక్స్‌ఫర్డ్‌లో విలియమ్ బక్‌లాండ్ గుహల్లో దొరికిన ఎముకల్నీ, లోయల్లోని గులకరాళ్లనూ ప్రళయానికి సాక్ష్యంగా చూపి పుస్తకమే రాశాడు. కేంబ్రిడ్జ్‌లో ఆడమ్ సెడ్జ్‌విక్‌దీ అదే నమ్మకం. ఇద్దరూ మతగురువులుగా దీక్ష తీసుకున్నవాళ్లు. ఆ గులకరాళ్లు ఒకే కాలానివి కావని తేలాక 1831లో సెడ్జ్‌విక్ జియలాజికల్ సొసైటీ అధ్యక్షపీఠం నుంచే తన మాట వెనక్కి తీసుకున్నాడు. 1840లో హిమయుగ సిద్ధాంతం చెప్పిన అగాసిజ్‌తో కలిసి స్కాట్లండ్ తిరిగిన బక్‌లాండ్ అది మంచు చేసిన పని అని ఒప్పుకున్నాడు. ప్రళయం నిజం కావాలని మనసారా కోరుకున్నవాళ్లే దాన్ని వదిలేశారు.

ఇక బ్రెట్జ్. ప్రళయవాదులు ఎక్కువగా తలిచే పేరు ఇదే, ఆయననూ ఎగతాళి చేశారు కదా అంటూ. చేశారు, నిజమే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం తూర్పున ఉన్న ఎగుడుదిగుడు రాతినేలలు ఒక మహా వరద కోతకు పుట్టినవని ఆయన 1923లో రాశాడు. 1927 జనవరిలో వాషింగ్టన్ నగరంలో జరిగిన సభలో జియలాజికల్ సర్వే ఉద్దండులు ఒకరి తర్వాత ఒకరు లేచి ఖండించారు. వాళ్లలో చాలామంది ఆ నేల మీద కాలు పెట్టలేదు. అన్ని నీళ్లు ఎక్కడివన్న ప్రశ్నకు బ్రెట్జ్ దగ్గర అప్పటికి జవాబు లేదు. జవాబు తెచ్చింది పార్డీ అనే మరో భూవిజ్ఞాని. మంచు ఆనకట్ట వెనక నిలిచిన మిజూలా అనే హిమయుగపు సరస్సు తెగిందని, ఆ వేగానికి సరస్సు అడుగున ఏర్పడిన రాక్షస అలల గుర్తులు ఇవిగో అని 1942లో అచ్చు వేశాడు. 1979లో బ్రెట్జ్‌కు అమెరికా భూవిజ్ఞానుల అత్యున్నత పురస్కారం పెన్రోజ్ పతకం దక్కింది.

ప్రళయవాదులు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. 1980లో భూవిజ్ఞాని రిచర్డ్ వెయిట్ చెప్పింది వాళ్లకు రుచించదు. ఆ వరద బురద పొరల్ని లెక్కపెట్టి, ఒక్కో పొర ఒక్కో వరద అని, అలాంటివి దాదాపు నలభై అని ఆయన చూపాడు. పొరల నడుమ గాలి మోసిన మట్టి ఉంది, అగ్నిపర్వతపు బూడిద ఉంది. అంటే వరదకూ వరదకూ మధ్య నేల ఆరింది. పైగా ఆ వరదల్లో అధికభాగం 18,000 నుంచి 15,000 ఏళ్ల కిందటివి. 12,800కు బాగా ముందు. హాన్‌కాక్, ఆయన సహచరుడు రాండల్ కార్ల్‌సన్ మాత్రం వీటిని ఒకే ప్రళయంగా కుదించి తోకచుక్క తేదీకి జరుపుతారు.

ఆ నేలను మట్టి కోసం చూసినవాళ్లు తక్కువ. వరద వెళ్లిన చోట మట్టి లేదు, ఉత్త నల్లరాయి. దున్నడానికి పనికిరాదు. గోధుమ పండేది వరద అందని గుట్టల మీద, అక్కడ లోయెస్ పదుల మీటర్ల మందాన నిలిచింది. కొట్టుకుపోయిన మట్టిలో కొంత దిగువన విల్లామెట్ లోయలో పేరుకుని అక్కడ మంచి పొలాలైంది. మధ్యలో ఆగిన బురద ఎండి, గాలికి లేచి, మళ్లీ లోయెస్‌గా గుట్టలెక్కింది. వరద మట్టినిస్తుందన్న మాటలో ఈ పాటి నిజం ఉంది. ఇచ్చిన చోటికి తీసుకున్న చోటు కూడా ఉంటుంది, పొలం కావడానికి వేల ఏళ్లూ పడుతుంది.

అదీగాక వరద ఏ కాలంలో వచ్చిందన్నది పెద్ద ప్రశ్న. నైలు వరద వేసవి చివర వచ్చి, విత్తే వేళకు తీసేది. ఒండ్రులో నత్రజని తక్కువే అయినా, నేలలో చేరిన ఉప్పును ఏటా కడిగేయడం అది చేసిన గొప్ప మేలు. యూఫ్రటీస్, టైగ్రిస్ పొంగేది ఏప్రిల్, మే నెలల్లో, పంట కోతకొచ్చాక. అక్కడ వరదంటే కట్టలు తెగడం, చేలు మునగడం. కాలవల నీళ్లతో నెట్టుకొస్తే నేల చౌడుబారింది. దక్షిణ మెసపొటేమియాలో గోధుమ తగ్గిపోయి, ఉప్పును తట్టుకునే బార్లీ మిగలడానికి ఇదే కారణమని 1958లో జాకబ్‌సెన్, ఆడమ్స్ వాదించారు. దాని మీద తర్వాత అభ్యంతరాలు వచ్చాయి గాని చౌడు ఉన్న మాట నిజం. మనకు దొరికిన పాత ప్రళయగాథల్లో ఒకటైన మెసపొటేమియా కావ్యం అత్రహాసిస్‌లో ఇది సూటిగానే ఉంది. ప్రళయం కంటే ముందు దేవతలు కరవు పంపుతారు, నల్లని పొలాలు తెల్లబారుతాయి, మైదానమంతా ఉప్పు పేరుతుంది. ప్రళయగాథల్లో నిజాన్ని వెతికేవాళ్లు ఈ చరణాల దగ్గర ఆగకపోవడం నాకు వింతగా తోస్తుంది. రైతు కళ్లారా చూసింది అందులోనే ఉంది మరి.

తోకచుక్క మాటకొస్తే, దాన్ని పూర్తిగా కాకమ్మ కథ అనలేం. 2007లో ఫైర్‌స్టోన్ బృందం ఆ ప్రతిపాదనను పేరున్న పత్రికలోనే ప్రచురించింది. గ్రీన్‌లాండ్ మంచులో ఆ కాలపు పొరలో ప్లాటినమ్ ఎక్కువగా ఉందని 2013లో తేలింది. అయితే 2018లో గ్రీన్‌లాండ్ మంచు కింద బయటపడ్డ హయవాథా బిలం ఆ తోకచుక్క దెబ్బకు పడిందే అనుకున్నవాళ్లకు 2022లో దెబ్బ తగిలింది. దాని వయసు 5.8 కోట్ల ఏళ్లని లెక్క వచ్చింది. 2023లో హాలిడే తదితరులు ఈ ప్రతిపాదనలోని ఒక్కో ఆధారాన్నీ ఖండిస్తూ సుదీర్ఘ సమీక్ష రాశారు. ప్రతిపాదకులు ఇంకా తగ్గలేదు. ఒకవేళ తోకచుక్క తాకిందే అనుకున్నా ప్రపంచ ప్రళయం రాదు. సముద్రం ఉరికి పెరిగింది అంతకు ముందే, దాదాపు 14,600 ఏళ్ల కిందట. అప్పుడైనా ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు.

సేద్యం నేర్పిన గురువుల సంగతి గింజలే చెబుతాయి. అడవి గోధుమ, అడవి బార్లీ కంకులు పండగానే విరిగి రాలిపోతాయి. సాగు గింజ కోసేదాకా కంకినే పట్టుకుని ఉంటుంది. ఎవరో వచ్చి పద్ధతితో సహా విత్తనం చేతిలో పెట్టి ఉంటే ఈ మార్పు తవ్వకాల్లో ఒక్కసారిగా కనపడాలి. పశ్చిమాసియాలో అది వెయ్యేళ్లకు పైనే పట్టింది. చైనాలోని టియన్‌లువోషాన్ తవ్వకాల్లో రాలని వరి 27 శాతం నుంచి 39కి చేరడానికే మూడు వందల ఏళ్లు. 2024 ఏప్రిల్‌లో జో రోగన్ పాడ్‌కాస్ట్‌లో హాన్‌కాక్ ఎదుట పురావస్తు శాస్త్రవేత్త ఫ్లింట్ డిబ్బుల్ ముందు పెట్టింది ఇలాంటి గింజల లెక్కల్నే. ఇప్పటిదాకా తవ్విన చోట ఆ నాగరికతకు ఆధారం లేదని హాన్‌కాక్ అక్కడ ఒప్పుకున్నారు. తవ్వనిది ఇంకా బోలెడు ఉందన్నది ఆయన జవాబు.

అందుకేనేమో ఇప్పుడు చూపు అమెజాన్ వైపు తిరిగింది. అక్కడి ఎర్రని, బలం లేని నేలల మధ్య టెర్రా ప్రెటా అనే నల్లమట్టి మడులు కనిపిస్తాయి. బొగ్గు, ఎముకలు, కుండపెంకులు కలిసిన మట్టి. కొన్ని చోట్ల మీటరు దాటి లోతు. హాన్‌కాక్ 2019 నుంచే దీన్ని మరుగున పడ్డ ప్రాచీన విజ్ఞానానికి గుర్తుగా చూపుతున్నారు. ప్రళయవాదులు అంతగా పట్టించుకోని ఒక వివాదం ఈలోగా శాస్త్రవేత్తల మధ్యే నడిచింది. ఈ నలుపులోని భాస్వరం, కాల్షియం నది పొంగి తెచ్చినవేనని, మనుషులు తర్వాత వచ్చి ఆ సారం ఉన్న చోట స్థిరపడ్డారని 2021లో సిల్వా బృందం ఒక వ్యాసం ప్రచురించింది. పల్లాస్ నాటి బురద కథ కొత్త పరికరాలతో తిరిగొచ్చిందన్నమాట. 2022లో అదే పత్రికలో లొంబార్డో తదితరులు గట్టిగా బదులిచ్చారు. ఎముకలు, చెత్త, పెంట, బొగ్గు చాలు, ఆ సారానికి వరద అక్కర్లేదన్నారు. 2023లో మోర్గన్ ష్మిట్ బృందం బ్రెజిల్‌లో ఎగువ షింగు నది ప్రాంతంలోని కుయికురో ఆదివాసుల ఊళ్లకు వెళ్లి చూసింది. వాళ్లు ఇవాళ్టికీ ఇంటి వెనక చెత్త, బూడిద, చేపముళ్లు, కర్రపెండలం పొట్టు పోగేసి, కావాలనే నల్లమట్టి చేస్తున్నారు. పక్కనే ఉన్న పాత ఊళ్ల మట్టితో పోల్చితే కూర్పు, పరుచుకున్న తీరు సరిపోయాయి.

సిల్వా బృందం ప్రతిపాదనలో ఇక తేలాల్సింది, ఏ మడిలో నది పాలు ఎంత, పోగేసిన చెత్త పాలు ఎంత అన్నది. అది ఒక్కో చోట తవ్వి, ఒక్కో పొరా కొలిస్తే తేలుతుంది, తవ్వకాలూ సాగుతున్నాయి. మూడో పాలు అడుగుతున్న తోకచుక్క నాగరికత తరఫున మాత్రం కొలవడానికి ఇంతవరకు ఒక్క పిడికెడు మట్టీ బల్ల మీదికి రాలేదు.