లేజర్ సర్జరీలో గాయమైతే ఎలా విచారించాలి? ఆ ప్రశ్న వెనుక కథ

థియోడర్ మైమన్ 1960 మే 16న కాలిఫోర్నియాలో మొదటి లేజర్‌ను వెలిగించారు. మరుసటి ఏడాది డిసెంబరులోనే న్యూయార్క్ డాక్టర్లు ఆ కాంతితో ఒక రోగి రెటీనా మీది కణితిని కాల్చేశారు. వైద్యం అంత త్వరగా అందుకున్న పరికరం ఇది. దానివల్ల జరిగే హానిని నమోదు చేయడం మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది.

1964లో బెల్ ల్యాబ్స్‌లో కుమార్ పటేల్ తయారుచేసిన కార్బన్ డయాక్సైడ్ లేజర్ 1970ల మొదట్లో గొంతు సర్జరీకి వచ్చింది. ఈ కిరణం కంటికి కనిపించదు. అందుకే గురి చూపడానికి పక్కనే ఎర్రటి కాంతిని కలుపుతారు. లోపలి అద్దం కాస్త జరిగితే చాలు, డాక్టర్‌కు ఎర్రచుక్క ఒకచోట కనిపిస్తుంది, కాలేది మరోచోట. గొంతులో ఇంకో ప్రమాదమూ ఉంది. మత్తు కోసం వేసిన ప్లాస్టిక్ ట్యూబుకు కిరణం తగిలితే, అందులోని ఆక్సిజన్ తోడై శ్వాసనాళంలోనే మంట లేస్తుంది.

నన్ను ఎక్కువగా కలచివేసేది 1980ల చివర్లో బయటపడిన మరణాలు. గర్భాశయం లోపల చేసే సర్జరీలో నియోడిమియం-యాగ్ అనే మరో రకం లేజర్ వాడారు. దాని నీలమణి మొన వేడెక్కకుండా గ్యాస్ పంపే ఏర్పాటు ఉండేది. ఆ గ్యాస్ రక్తనాళాల్లోకి చేరి ప్రాణాలు తీసింది. మెషిన్ చెడిపోలేదు, చేయాల్సిన పనే చేసింది. ‘పరికరం బాగానే ఉందా?’ అని మాత్రమే అడిగే విచారణకు ఇలాంటి చావు ఎప్పటికీ అర్థం కాదు.

అమెరికాలో వైద్య పరికరాల చట్టం 1976లో వచ్చింది. ఆస్పత్రుల్లో లేజర్ భద్రతకు ప్రత్యేక ప్రమాణం 1988లో వెలువడింది. పరికరం వల్ల రోగి చనిపోయినట్టు అనిపిస్తే పది పనిదినాల్లో ప్రభుత్వానికీ, తయారీదారుకూ ఆస్పత్రి తెలపాలన్న నిబంధన 1990 చట్టంతోనే వచ్చింది. అంటే మొదటి రోగికీ ఈ చట్టానికీ మధ్య దాదాపు మూడు దశాబ్దాలు.

రిపోర్టు రాసినంత మాత్రాన కారణం దొరకదు. ‘ఆపరేటర్ పొరపాటు’ అని రాసేయడం సులువు. టేబుల్ కింద లేజర్‌దీ, ఇంకో పరికరానిదీ ఒకేలాంటి రెండు ఫుట్ పెడల్స్ పక్కపక్కనే ఉంటే, డాక్టర్ పొరపాటున రెండోది తొక్కితే, ఆ తప్పు కాలిది ఒక్కదానిదేనా? తేల్చాలంటే మెషిన్, ఫైబర్ (లేజర్ కాంతిని రోగి దాకా చేర్చే సన్నటి తీగ), పెడల్ అన్నీ ఘటన జరిగినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంచాలి, సెట్టింగులు అప్పటికప్పుడే రాసుకోవాలి. ఆ కంగారులో వాడిన ఫైబర్ చెత్తబుట్టలో పడిపోతే, మెషిన్ రిపేరుకు వెళ్లిపోతే, విచారణకు వచ్చినవాళ్ల చేతిలో మిగిలేది రోగి గాయం ఒక్కటే.