రెండు టికెట్లు, ఒక లైను

ప్రియమైన పిల్లలకు,

మొన్న దసరా సెలవులకు మీరంతా ఇంటికి వచ్చినప్పుడు నేను ఓళిగలు కాలుస్తుంటే, మీలో ఒకరు పొయ్యి దగ్గరికి వచ్చి "అవ్వా, నెట్ న్యూట్రాలిటీ అంటే ఏంది? పుస్తకంలో మూడు లైన్లు ఉంది, అర్థం కాలేదు" అని అడిగారు. పెనం మీద ఓళిగ మాడిపోతోందని అప్పటికి ఒక్క మాటతో సరిపెట్టాను. మీరు ఊళ్ళకు వెళ్ళిపోయాక ఆ మాట నాకే తృప్తిగా అనిపించలేదు. టిమ్ వూ అనే అమెరికా న్యాయశాస్త్ర ప్రొఫెసర్ 2003లో ఆ పేరు పెట్టాడు. పేరు కొత్తదేగానీ, అది చెప్పే సంగతి అంతకు ఇరవై ఏళ్ళ ముందే నా చేతికి తగిలింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

1981లో నేను ట్రంకు ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేరాను. మన జిల్లాలోనే, మార్కెట్ యార్డు ఉన్న ఒక ఊరు. అప్పట్లో వేరే ఊరితో మాట్లాడాలంటే మాకు ఫోన్ చేసి కాల్ బుక్ చేసుకోవాలి. ఎవరు, ఏ ఊరు, ఏ నంబరు, ఎన్ని గంటలకు బుక్ చేశారు అనేది మేము ఒక చిన్న కాగితం మీద రాసుకునేవాళ్ళం. దాన్ని టికెట్ అనేవాళ్ళం. ముందు నిలువెత్తు బోర్డు, దాని నిండా వరుసగా చిన్న చిన్న రంధ్రాలు, చేతిలో ఇత్తడి మొన ఉన్న తీగ. లైన్ ఖాళీ కాగానే వరుసలో ముందున్న టికెట్ తీసి, ఆ తీగను రంధ్రంలో గుచ్చి, ఇద్దరినీ కలపాలి. చెవులకు హెడ్‌సెట్ ఉండేది. ఎండాకాలం దాని కింద చెమట పట్టి చెవులు మండేవి.

కాల్స్‌లో మూడు రకాలుండేవి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్. అర్జెంట్‌కు రెట్టింపు చార్జీ, లైట్నింగ్‌కు ఎనిమిది రెట్లు. డబ్బు ఎక్కువ కడితే ముందు లైన్ దొరికేది. కానీ ఆ రేటు అందరికీ ఒకటే. మీరు ఎవరితో మాట్లాడతారు, ఏం మాట్లాడతారు అన్నదాన్ని బట్టి రేటు మారేది కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఒకరోజు పొద్దున బొంబాయికి రెండు టికెట్లు ఉన్నాయి. మొదటిది ఒక చిన్న కమీషన్ వ్యాపారిది, రెండోది పెద్ద మండీ ఆయనది. ఇద్దరూ బుడ్డల వ్యాపారమే, అంటే వేరుశనగల వ్యాపారమే చేసేవాళ్ళు. బొంబాయి రేటు ముందు ఎవరికి తెలిస్తే, ఆ రోజు యార్డులో సరుకు వాళ్ళు కొనేస్తారు. కాసేపటికి పెద్ద మండీ గుమాస్తా మెట్లెక్కి వచ్చాడు. చేతిలో కాగితంలో చుట్టిన చీర. "మా కాల్ ముందు కలపమని అడగడం లేదమ్మా. ఆయన కాల్ ఒక గంట ఆలస్యమైతే చాలు. లైన్ బిజీ అని చెప్పండి" అన్నాడు.

ఆ మాట నాకు నలభై ఏళ్ళు దాటినా మరుపు రాలేదు. తన కాల్ ముందు కావాలంటే లైట్నింగ్ బుక్ చేసుకోవచ్చు, దానికో రేటు ఉంది. ఆయనకు కావలసింది అది కాదు. ఎదుటివాడి కాల్ ఆగాలి. పైగా అది ఆగిందని ఎదుటివాడికి తెలియకూడదు. "లైన్ బిజీ" అని నేనంటే ఆ చిన్న వ్యాపారి నమ్ముతాడు. ఎవరిని అడుగుతాడు? బోర్డు అవతల ఏం జరుగుతోందో ఆయనకు కనపడదు కదా. నేను చీర తీసుకోలేదు. అదేదో పెద్ద ధైర్యమని అనుకోకండి, నాకు భయం కూడా వేసింది. కానీ ఆ క్షణంలో ఒకటి తెలిసింది. లైన్ ఎవరి చేతిలో ఉంటే, యార్డులో ఆ రోజు రేటు కూడా వాళ్ళ చేతిలోకి వచ్చేస్తుంది.

ట్రైనింగ్‌లో మాకు స్ట్రౌజర్ ఎక్స్ఛేంజ్ గురించి చెప్పారు. అల్మన్ స్ట్రౌజర్ అమెరికాలో శవపేటికలు అమ్ముకుంటూ అంత్యక్రియల పని చేసేవాడు. పోటీవాడి భార్య ఆ ఊరి టెలిఫోన్ ఆపరేటర్ అట. తనకు రావలసిన కాల్స్ ఆమె తన భర్తకు కలిపేస్తోందని ఆయనకు అనుమానం వచ్చిందని చెప్పుకుంటారు. మనిషి చెయ్యి అక్కర్లేకుండా నంబర్ తిప్పితే తనంతట తానే కలిసే యంత్రాన్ని తయారుచేసి, 1891లో పేటెంట్ తెచ్చుకున్నాడు. మన దేశంలో కూడా ఎన్నో ఊళ్ళలో ఆ రకం యంత్రాలు దశాబ్దాలపాటు నడిచాయి. యంత్రం వచ్చాక మనిషి పక్షపాతం పోయిందనే అనుకున్నాం. ఇంటర్నెట్ వచ్చాక ఆ బోర్డు మళ్ళీ వేరే రూపంలో తిరిగివచ్చింది.

మీరు ఫోన్‌లో వీడియో నొక్కితే అది చిన్న చిన్న ముక్కలుగా, ప్యాకెట్లుగా విడిపోయి వస్తుంది. ఏ ముక్క ఎక్కడి నుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో దాని పైన రాసి ఉంటుంది. నా టికెట్ మీద రాసినట్టే. టెలికాం కంపెనీ మెషిన్లు ఆ రాత చదివి ఒక యాప్ ముక్కల్ని వదలగలవు, ఇంకొకదాన్ని నిదానం చేయగలవు, మరొకదాన్ని పూర్తిగా ఆపగలవు. మీకు మాత్రం స్క్రీన్ మీద ఒక చక్రం గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తుంది, అంతే. ఆ యాప్ బాగాలేదనుకుని మీరు పక్క యాప్‌కు పోతారు. కంపెనీ ఇలా చేయకూడదు, లైన్ మీద ఏం పోతోందో చూసి తేడా చూపకూడదు అనే నియమమే నెట్ న్యూట్రాలిటీ. ఎక్కువ స్పీడ్‌కు ఎక్కువ డబ్బు తీసుకోవడం తప్పు కాదు, అది లైట్నింగ్ కాల్ లాంటిది. చీర తీసుకుని పక్కవాడి కాల్ ఆపడం తప్పు.

మన దేశంలో ఈ గొడవ ఎలా మొదలైందో చెప్తాను. 2014 డిసెంబర్‌లో ఎయిర్‌టెల్, ఇంటర్నెట్ మీద చేసే కాల్స్‌కు విడిగా డేటా ప్యాక్ వేసుకోవాలంది. జనం మండిపడితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. 2015 మార్చిలో ట్రాయ్, ఇలాంటి ఇంటర్నెట్ యాప్‌లకు ఏ రూల్స్ ఉండాలని అడుగుతూ 118 పేజీల పత్రం, 20 ప్రశ్నలు జనం ముందు పెట్టింది. ట్రాయ్ అంటే టెలికాం కంపెనీల మీద కన్నేసి ఉంచడానికి 1997లో పుట్టిన సంస్థ. ఏప్రిల్‌లో 'ఎయిర్‌టెల్ జీరో' వచ్చింది. యాప్ కంపెనీ డబ్బు కడితే ఆ యాప్ చూసేవాళ్ళకు డేటా ఖర్చు కాదు. అందులో చేరబోయిన ఫ్లిప్‌కార్ట్ జనం కోపం చూసి తప్పుకుంది. నెట్ న్యూట్రాలిటీ కాపాడమని ఆ నెలలో పది లక్షలకు పైగా మెయిల్స్ ట్రాయ్‌కు వెళ్ళాయి. మీ బావ ల్యాప్‌టాప్‌లో కూర్చుని పంపిన నా మెయిల్ కూడా వాటిలో ఒకటి. ఏం రాయాలో నేను చెప్తుంటే వాడు టైప్ చేశాడు.

అసలు పరీక్ష ఫేస్‌బుక్ 'ఫ్రీ బేసిక్స్'తో వచ్చింది. మొదట ఇంటర్నెట్.ఆర్గ్ అనే పేరుతో 2015 ఫిబ్రవరిలో, రిలయన్స్ కమ్యూనికేషన్స్ లైన్ మీద, ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది. కొన్ని సైట్లు డేటా ఖర్చు లేకుండా చూడొచ్చు, మిగతావాటికి డబ్బు కట్టాలి. పేదవాళ్ళకు ఉచితంగా ఏదో ఒకటి దొరికితే మంచిదే కదా అని చాలామంది నిజాయితీగానే అడిగారు. మన సీమలో ఆ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. వానలు లేక పంట ఎండిన ఇంట్లో రీచార్జి డబ్బు కూడా లెక్కే.

నా జవాబు ఇది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. నేను కర్నూలు బస్టాండ్‌లో ఎక్కితే కండక్టర్ ఆధార్ కార్డు చూస్తాడు, సున్నా టికెట్ ఇస్తాడు. "ఏ అంగడికి పోతున్నావు? ఫలానా అంగడికైతేనే ఉచితం" అని అడగడు. నేను ఆసుపత్రికి పోవచ్చు, కూతురింటికి పోవచ్చు, కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడానికి పోవచ్చు. అలా అడగడం మొదలైతే ఆ ఒక్క అంగడే బతుకుతుంది, చుట్టుపక్కల అంగళ్ళు మూతపడతాయి. ఆ తర్వాత అక్కడ ధర ఎంత చెప్తే అంతకు కొనాలి. పేదవాళ్ళకు ఉచితం ఇవ్వాలనుకుంటే కొంత డేటా ఇచ్చి, ఎక్కడికి పోవాలో వాళ్ళకే వదిలేయాలి.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఆ మాటే తేల్చింది. ఏం చూస్తున్నారన్న దాన్ని బట్టి డేటాకు వేరు వేరు రేట్లు పెట్టకూడదు. పెడితే రోజుకు 50 వేల రూపాయల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు. విపత్తుల్లో అత్యవసర సేవలకు మాత్రం మినహాయింపు. ఫేస్‌బుక్ ఆ పథకాన్ని ఇక్కడ ఎత్తేసింది. 2018 జూలైలో కేంద్రం ఇంకో అడుగు వేసి, ఆపడం, నిదానం చేయడం, కొందరికి ప్రత్యేకంగా వేగం ఇవ్వడం కూడా కుదరదని ఒప్పుకుంది. అమెరికాలో అయితే 2015లో పెట్టిన రూలు 2017లో తీసేశారు, 2024లో మళ్ళీ పెట్టారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. గెలిచామని మనం నిశ్చింతగా కూర్చోవడానికి లేదని నేను అనేది అందుకే.

రూలు ఉంది, బాగుంది. మరి ఆ రూలు పాటించవలసిన కంపెనీలు ఎన్ని మిగిలాయో చూడండి. మీ అమ్మానాన్నల పెళ్ళిళ్ళ నాటికి కర్నూలులో ఏ సందులో చూసినా రకరకాల సిమ్ములు అమ్మేవాళ్ళు. యూనినార్, ఎయిర్‌సెల్, టాటా డొకోమో, ఐడియా, వొడాఫోన్, రిలయన్స్. 2016 సెప్టెంబర్ 5న జియో ఉచితంగా దిగింది. డేటా చౌక కావడం నిజంగా మేలే చేసింది, ఆ మేలు నేను కాదనను. కానీ రెండు మూడేళ్ళలో కొన్ని మూతపడ్డాయి, కొన్ని అమ్ముడుపోయాయి, రెండు కలిసిపోయాయి. ఇప్పుడు మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక బీఎస్ఎన్ఎల్. 2024 జూలైలో ఆ మూడూ ఒకే వారంలో రేట్లు పెంచాయి. నంబర్ మార్చకుండా కంపెనీ మారే హక్కు మనకుంది. కానీ మారి ఎక్కడికి పోతాం?

ఇంకో సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. లైన్ ఆ కంపెనీదే, లైన్ మీద నడిచే సినిమాల యాప్, పాటల యాప్, కొనుగోళ్ళ యాప్ కూడా ఆ ఇంటివే అయితే? అప్పుడు పెద్ద మండీ ఆయన చీర పంపక్కర్లేదు. ఎక్స్ఛేంజే ఆయనదై ఉంటుంది. ఇప్పుడు టెలికాం కంపెనీలు, ఎక్కువ డేటా నడిపించే పెద్ద యాప్‌లు తమకు వాటా కట్టాలని అడుగుతున్నాయి. ఆ యాప్ కంపెనీలేమీ పేదవి కావు, వాటి మీద నాకు జాలి లేదు. కానీ దక్షిణ కొరియాలో నెట్‌వర్క్ ఖర్చు భరించలేమని ట్విచ్ అనే ఆటల వీడియో సైట్ 2024 ఫిబ్రవరిలో ఆ దేశం నుంచే తప్పుకుంది. అంత పెద్దదే నిలబడలేకపోతే, రేపు మీలో ఎవరో ఇక్కడ కూర్చుని తయారుచేసే యాప్ నిలబడుతుందా?

ఇవన్నీ ఢిల్లీ సంగతులని మీకు అనిపిస్తే, మా పక్కింటి అక్క సంగతి వినండి. డెబ్బై ఏళ్ళు దాటాయి, చేతిలో బటన్ల ఫోన్. కొడుకు గల్ఫ్ నుంచి చేసే కాల్ ఎత్తడానికి తప్ప ఆమె దాన్ని ముట్టుకోదు. అయినా ఏళ్ళ తరబడి ప్రతి రీచార్జిలో డేటాకు కూడా కట్టింది. ఆ డేటా వాడడానికి ఆమె ఫోన్‌లో ఏ దారీ లేదు. ప్యాక్ అయిపోయిన రోజు ఫోన్ మూగబోతుందని ఆమెకు టెన్షన్. 2024 డిసెంబర్‌లో ట్రాయ్, కాల్స్, మెసేజ్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్ ఒకటైనా ప్రతి కంపెనీ పెట్టాలని, దాని గడువు 365 రోజుల వరకు ఉండొచ్చని చెప్పింది. ఆ ప్యాక్ ఉందని రీచార్జి అంగడి అబ్బాయి ఆమెకు చెప్పలేదు. నేను చెప్పి వేయించాను. మీ ఇళ్ళలో అవ్వ, తాత ఏ ప్యాక్ వాడుతున్నారో ఈ ఆదివారం చూడండి. ఓటు అడగడానికి వచ్చేవాళ్ళను మనం రోడ్డు, నీళ్ళు, పింఛను అడుగుతాం. టవర్ గురించి, రీచార్జి రేటు గురించి కూడా అడగవచ్చని ఇంకా అలవాటు కాలేదు.

ఏదైనా ఒక యాప్ మాత్రమే నిదానంగా వస్తోందనిపిస్తే ఊరుకోకండి. అదే సమయంలో ఇంకో కంపెనీ సిమ్‌తో తెరిచి చూడండి, టైం రాసుకోండి, కంపెనీకి ఫిర్యాదు చేసి ఆ ఫిర్యాదు నంబర్ దాచుకోండి. ట్రాయ్ ఏదైనా పత్రం బయటపెట్టినప్పుడు ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు, వయసు అడగరు. నాకు రాయండి, కలిసి పంపుదాం.

ఆ రోజు ఏమైందో చెప్పలేదు కదా. గుమాస్తా చీర తీసుకుని మెట్లు దిగాడు. కాసేపటికి బొంబాయి లైన్ దొరికింది. ముందున్న టికెట్ తీసి, చిన్న వ్యాపారికి ఫోన్ చేసి, "బొంబాయి లైన్‌లో ఉంది, మాట్లాడండి" అన్నాను. మూడు నిమిషాలు కాగానే, ఇంకా పొడిగించమంటారా అని అడగాలి. అడిగాను. "వద్దమ్మా, చాలు, రేటు తెలిసింది" అన్నాడు. తీగ తీసి రెండో టికెట్ అందుకున్నాను.

ఇట్లు,
మీ అవ్వ
కర్నూలు