సంక్రాంతికి పులస ఎక్కడ తెచ్చేదండీ? మా వంటింటి అపోహలు - వాస్తవాలు

కోనసీమలో పాత మండువా లోగిలిని బాగుచేయించి ఎనిమిది గదుల హోటల్ నడుపుతున్నాం. వంటిల్లు నేను చూసుకుంటాను. వచ్చేవాళ్ళు వెంట తెచ్చుకునే అపోహల్లో కొన్నిటికి నవ్వొస్తుంది, కొన్నిటికి మా పొయ్యి ఆరిపోతుంది.

అపోహ: గోదారి జిల్లా హోటలన్నాక పులస చేప ఎప్పుడడిగినా ఉండాలి.

వాస్తవం: సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలస. గోదారికి ఎర్రనీళ్ళొచ్చాక గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. ఆ తీపినీళ్ళు తాగాకే పులస. ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన, జూలై నుంచి సెప్టెంబరు దాకా, అదీ వలలో పడితే. మిగతా నెలల్లో మెనూలో ఆ పేరు కనిపిస్తే ఐసులో వచ్చిన ఇలసో, ఫ్రీజర్లో దాచిందో అనుకోండి. నేనూ మోసపోయాను లెండి. మొదటి ఏడాది, తెలిసినాయనే కదా అని బేరమాడకుండా కిలోన్నర చేప కొన్నాను. మా వంట పిన్ని పొలుసు గీరుతూ, "ఇంత తెల్లగా మెరుస్తుందేంటి బాబూ, ఇది ఏరు చూళ్ళేదు" అంది. అప్పటికే డబ్బులిచ్చేశాను. ఆ పూట ఇలస పులుసని చెప్పే వడ్డించాం.

అపోహ: రాత్రి వండింది పొద్దున పెడితే నిలవ కూడు.

వాస్తవం: పులస పులుసు దగ్గర ఈ మాట చెల్లదు. మట్టి దాకలో, కట్టెల సన్నసెగ మీద ఉడుకుతుంది. బెండకాయలు, వంకాయలు పడతాయి. గరిటె పెడితే ముక్క చితుకుతుంది కాబట్టి దాక అంచుల్ని గుడ్డతో పట్టుకుని కుదుపుతాం. దించేముందు ఆవకాయ మీది నూనె ఓ గరిటెడు. రాత్రంతా దాకలోనే ఉంటే పులుపు ముక్కకి పట్టి, మర్నాటికి రుచి నిలబడుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఈ మర్నాటి పులుసు గురించే అని నా అనుమానం.

అపోహ: చిన్న హోటల్ కదా, ఏదడిగినా పావుగంటలో వచ్చేస్తుంది.

వాస్తవం: పెద్ద హోటల్లో గ్రేవీలు ముందే కాచి ఉంటాయి. మా దగ్గర మీరు చెప్పాకే సంతకి మనిషి వెళ్తాడు. పనసపొట్టు కూరే చూడండి. చేతులకీ కత్తికీ నూనె రాసుకోకపోతే పాలు జిగురై వదలదు. చెక్కు తీసి, కాయని సన్నగా పొట్టు కొట్టాలి. పసుపు వేసి ఉడికించి, నీళ్ళు పిండేసి, చింతపండు పులుసు, ఎండుమిర్చి, జీడిపప్పు పోపు. ఆవముద్ద మాత్రం దించాకే కలపాలి, పొయ్యి మీద పడిందా చేదెక్కుతుంది. కాయ పట్టుకుంటే మధ్యాహ్నానికి గానీ అవదు. అందుకే ముందురోజు సాయంత్రమే చెప్పమంటాం. బెట్టు కాదండీ.

అపోహ: బొంగులో చికెన్ మీ వంటే.

వాస్తవం: అది మారేడుమిల్లి వైపు, మన్యం వంట. డెల్టాలో వెదురెక్కడిది, కొబ్బరాకు తప్ప! అడిగితే అటు వెళ్ళే దారి చెబుతాం.

అపోహ: ఇక్కడి రొయ్యలన్నీ ఏట్లో పట్టినవే.

వాస్తవం: ఎక్కువ చెరువు రొయ్యలే. వనామీ రకం. 2009లో మన దేశంలో దాని పెంపకానికి అనుమతి వచ్చాక డెల్టా చెరువుల్ని అదే ఏలుతోంది. తాజాగా ఉంటే వేపుడుకి ఏ లోటూ లేదు. ఏటి రొయ్యని చెప్పి ధర పెంచితేనే తప్పు.

అపోహ: హోటలన్నాక సర్వీస్ చార్జీ కట్టాల్సిందే.

వాస్తవం: అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. జీఎస్టీ వేరు, అది కట్టాలి. ఇవ్వాలని మీకే అనిపిస్తే, పొట్టు కొట్టిన పిన్ని మధ్యాహ్నం మూడింటికి పెరటి అరుగు మీదే కూర్చునుంటుంది.