పెద్ద బొమ్మని కుదిస్తే స్ప్రైట్ అవదు

గేము చేద్దామని భీమవరం నుంచో అమలాపురం నుంచో కుర్రాళ్ళు పట్టుకొచ్చే ఫైళ్ళలో మళ్ళీ మళ్ళీ కనబడేది ఒకటే తప్పు.

అపోహ: పెద్ద కాన్వాస్ మీద మనిషిని శుభ్రంగా గీసుకుని 32 పిక్సెళ్ళకి కుదిస్తే స్ప్రైట్, అంటే గేములో కదిలే చిన్న బొమ్మ, సిద్ధం.

వాస్తవం: కుదించేటప్పుడు సాఫ్ట్‌వేర్ పక్కపక్క రంగుల్ని కలిపేస్తుంది. పది రంగుల బొమ్మలో లెక్కలేనన్ని బురద రంగులు పుడతాయి. రంగులు కలపకుండా దగ్గరి పిక్సెల్‌నే తీసుకునే 'నియరెస్ట్' పద్ధతి పెట్టి కుదిస్తే రంగులు నిలుస్తాయి గానీ కళ్ళు, వేళ్ళు, గీతలు ఎక్కడివక్కడ తెగిపోతాయి. అసలు చిక్కు కొలతది. మామూలు మనిషి ఎత్తు తలకి ఏడెనిమిది రెట్లు. ఆ లెక్కన 32 పిక్సెళ్ళ మనిషికి తల నాలుగే. అందులో కళ్ళెక్కడ, మీసమెక్కడ? అందుకే తలకి 10 నుంచి 12 పిక్సెళ్ళిచ్చి ఒంటిని పొట్టి చేస్తాం. కన్ను ఒక పిక్సెల్ వెడల్పు, రెండు ఎత్తు. ముక్కు అక్కర్లేదు. 1981లో డాంకీ కాంగ్ అనే గేములో మారియోకి టోపీ, మీసం వచ్చిందీ ఈ ఇరుకువల్లే: జుట్టూ నోరూ గీసే చోటు లేక.

కొబ్బరి దింపు కార్మికుణ్ణి గీస్తున్నారనుకోండి. 16 వెడల్పు, 32 ఎత్తులో ముందు ఉత్త నలుపుతో ఆకారం నింపండి. తలకి చుట్టిన తువ్వాలు, ఎగ్గట్టిన లుంగీ, నడుం దగ్గర కత్తి ఆ నలుపులోనే తెలియాలి. తెలియకపోతే కత్తిని రెండు పిక్సెళ్ళు బయటికి జరపండి, రంగులేసి కప్పిపుచ్చొద్దు. తర్వాత ఒంటికి మూడు ఛాయలు, లుంగీకి మూడు, తువ్వాలుకి రెండు. వెలుగు ఒక్క వైపు నుంచే పడాలి. అంచులన్నీ ముదురు చేసి నడిమికి లేత వేస్తే మనిషి దిండులా ఉబ్బుతాడు. గళ్ళ లుంగీ జోలికి పోవద్దు. నడిచేటప్పుడు గళ్ళు ఫ్రేముకో (నడకలో ఒక్కో బొమ్మకో) చోట పడి మిణుకుమిణుకుమంటాయి. అంచున ఒక గీత చాలు. పచ్చ లుంగీ అయితే కొబ్బరితోట టైల్లో (బ్యాక్‌గ్రౌండ్‌గా పరిచే చదరపు ముక్కలో) కలిసిపోతుంది, మొదటి రోజే బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి చూసుకోండి.

ఎక్కువ ఫ్రేములుంటేనే నడక బాగుంటుందా? నాలుగు చాలు, ఒక్కోటి 120 మిల్లీసెకన్లు. కాళ్ళు చాచినప్పుడు తల ఒక పిక్సెల్ కిందికి. ఎడమ వైపు నడకని తిరగేస్తే కుడి వైపుది ఉచితం అనుకునేవాళ్ళు చీరకట్టు దగ్గర దొరికిపోతారు: పైట కుడి భుజం మీదకి వచ్చేస్తుంది.

గేములో బొమ్మ మసకబారిందని కంగారుపడి మొత్తం మళ్ళీ గీసేవాళ్ళున్నారు, పాపం. లోపం మీ చేతిలో లేదు. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో ఫిల్టర్ మోడ్ 'పాయింట్', కంప్రెషన్ 'నన్' పెట్టండి. బొమ్మ సైజు పెంచితే రెండింతలో మూడింతలో, ఒకటిన్నర కాదు. ఫైలు పీఎన్‌జీ. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.