కొంగ తెలుపు కాగితానిదే

డిసెంబరులో మా నెల్లూరు జిల్లా కోవూరు వైపు రాత్రంతా ముసురు పట్టి తెల్లవారుజామున తెరిపిచ్చిందంటే, ఆ పొద్దున పెరటి గోడ దగ్గర నిలబడాల్సిందే. గోడకు అవతల మడిలో ట్రాక్టరు దమ్ము చేస్తుంటుంది. దాని వెనకే పాతిక ముప్పై కొంగలు. చక్రాల కింద మట్టి తిరగబడి పురుగులూ కప్పపిల్లలూ బయటపడతాయని వాటికి తెలుసు. ఇవతల జామచెట్టు మీద రామచిలుకల గోల, కరెంటు తీగ మీద కదలకుండా పాలపిట్ట, మందారం చుట్టూ తేనెపిట్ట. నీటిరంగుల డబ్బా తెరవడానికి మా జిల్లాలో ఇంతకన్నా మంచి కాలం లేదు.

మొదట్లో నేను కొంగను తెల్లరంగుతో వేసేవాణ్ణి. చుట్టూ పచ్చటి మడి వేసి, అది ఆరాక మధ్యలో ట్యూబులోని తెలుపు పెట్టేవాణ్ణి. ఎన్నిసార్లు పెట్టినా గోడకు సున్నం కొట్టినట్టు ఉండేది. కొంగ ఒంటి మీద ఉండే ఆ వెలుగు వచ్చేది కాదు. నీటిరంగుల్లో తెలుపును వెయ్యరు, వదిలేస్తారు. కొంగ ఆకారం మేర కాగితాన్ని ముట్టుకోకుండా చుట్టూ రంగు వేస్తే కొంగ దానంతటదే నిలబడుతుంది. ఈ మాట బొమ్మలు నేర్పే ప్రతివాళ్లూ చెబుతారు. ఎందుకలా అన్నది నాకు అర్థమైంది మాత్రం బొమ్మల పాఠంలో కాదు, భౌతికశాస్త్రంలో.

నీటిరంగు పొర పలుచన. రంగుగాజు లాంటిది. వెలుతురు ఆ పొరలోంచి దిగి, కాగితాన్ని తాకి, మళ్లీ అదే పొరలోంచి పైకొచ్చి మన కంట్లో పడుతుంది. అంటే రెండుసార్లు వడపోసిన వెలుగును చూస్తున్నాం. బొమ్మలో వెలుగంతా కాగితానిదే, రంగు చేసేది వడపోత. తెల్లరంగు పెట్టామంటే ఆ దారి మూసేసినట్టే.

మరి కాగితానికి తెలుపు ఎక్కడిది? కాగితంలో ఉండేది సెల్యులోజ్ పీచు. విడిగా చూస్తే దానికి రంగు లేదు. మా ఇసకపల్లి ఉప్పు కొటార్ల దగ్గర దీన్ని కళ్లారా చూడొచ్చు. ఒక్క ఉప్పుగల్లు తీసి ఎండకు పెడితే అద్దంలా ఉంటుంది, గల్లలన్నీ కుప్ప పోస్తే కళ్లు జిగేల్‌మనే తెలుపు. గల్లుకీ గల్లుకీ మధ్య గాలి ఉంటుంది. వెలుతురు గల్లులోంచి గాలిలోకి, గాలిలోంచి గల్లులోకి దూరిన ప్రతిసారీ కొంత వంగుతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. అలా వేలసార్లు చెదిరి అన్ని రంగులూ కలిసే బయటికొస్తాయి. అన్నీ కలిస్తే తెలుపు. కాగితంలో పీచూ గాలీ చేసే పని ఇదే.

కొంగ ఈకలోనూ ఇదే. ఈక కెరాటిన్‌తో తయారవుతుంది, మన గోళ్లూ జుట్టూ కూడా దానితోనే. కెరాటిన్‌కు సొంతంగా తెల్లరంగు లేదు. సన్నటి నూగుల్లో, వాటి మధ్య ఖాళీల్లో చిక్కుకున్న గాలి వెలుతురును చెదరగొడుతుంది, మనకు కొంగ తెల్లగా కనిపిస్తుంది. కొంగ తెలుపూ కాగితం తెలుపూ ఒకే పద్ధతిలో పుట్టినవి. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కాగితాన్ని వదిలెయ్యడమంటే పని తప్పించుకోవడం కాదు, కొంగ దగ్గర ఉన్న తెలుపునే కాగితం మీద ఉంచడం.

నీళ్లు తగిలితే ఈ లెక్క మారిపోతుంది. ఒక పదార్థం వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే సంఖ్యను వక్రీభవన గుణకం అంటారు. గాలిది సుమారు 1, నీటిది 1.33, సెల్యులోజ్‌ది 1.5 చిల్లర. తేడా ఎంత ఎక్కువైతే వెలుతురు అంత ఎక్కువ చెదురుతుంది. గాలి ఉన్న చోట నీళ్లు చేరితే తేడా తగ్గుతుంది, వెలుతురు చెదరకుండా లోపలికి దిగిపోతుంది. తడిసిన పంచె కాస్త నల్లబడి, ఒళ్లు కనిపించేలా అయ్యేది ఇందుకే. తడిగా ఉన్నప్పుడు ముదురుగా, నిండుగా అనిపించిన రంగు ఆరేసరికి వెలిసిపోయినట్టు అయ్యేది కూడా ముఖ్యంగా ఇందుకే. కొత్తగా వేసేవాళ్లు రంగు మంచిది కాదేమో అనుకుంటారు. రంగులో లోపం లేదు, కాగితంలోకి గాలి తిరిగొచ్చింది. తడి మీద చూసి సరిపోయిందనిపిస్తే ఇంకొంచెం చిక్కగా కలపాలి, అంతే.

కొంగను వదిలేశాక నీడ సంగతి మిగులుతుంది. తెల్లటి ఒంటి మీద నీడ బూడిదరంగే కదా అని నలుపు కలిపితే కొంగ మురికిగా అయిపోతుంది. వాన వెలిసిన పొద్దున గాలిలో దుమ్ము ఉండదు, ఆకాశం లోతైన నీలంగా ఉంటుంది. సూర్యుడు నేరుగా తగలని వైపు కొంగను వెలిగించేది ఆ ఆకాశమే. అందుకే రెక్క కింద నీడ లేత నీలంగా ఉంటుంది. పొట్ట దగ్గర మాత్రం కింద నారుమడి నుంచి లేచిన పచ్చదనం కొంచెం కలుస్తుంది. ఎండ తగిలే వైపు పలుచటి పసుపు, ఎందుకంటే చలికాలపు పొద్దు వాలుగా ఉండి ఎక్కువ గాలిని దాటుకుని వస్తుంది, దారిలో నీలం చెదిరిపోతుంది. మూడు రంగులూ ఎంత పలుచగా ఉండాలంటే, దూరం నుంచి చూసినవాళ్లు తెల్లకొంగ అనే అనాలి.

ఇక మా చలికాలంతో అసలు పేచీ ఆరడం దగ్గర. నెల్లూరుకు వానలు ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాలతో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో గాలి నిండా తేమే. మేలో కుంచె ఈ చివర నుంచి ఆ చివరకు చేరేలోపే రంగు ఆరిపోతుంది. డిసెంబరులో అదే రంగు చాలాసేపు తడిగానే ఉంటుంది. ఆ తడిలోనే కాగితం పీచు నీళ్లు తాగి లావెక్కి, కాగితం అలలు అలలుగా ఉబ్బుతుంది. అందుకే చలికాలంలో పలుచటి డ్రాయింగ్ షీటు పనికిరాదు, 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి కాగితమే మేలు.

ఆరే రంగు చుట్టూ ముదురు అంచు కట్టడం చూసే ఉంటారు. గచ్చు మీద ఒలికిన కాఫీ బొట్టు ఆరితే అంచు మాత్రమే నల్లగా మిగులుతుంది చూడండి, అదే ఇది. ఎందుకిలా అవుతుందో షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్, ఆయన తోటి శాస్త్రవేత్తలు 1997లో వివరించారు. బొట్టు అంచు కాగితాన్ని పట్టుకుని కదలకుండా ఉంటుంది. నీరు ఎక్కువగా ఆవిరయ్యేది ఆ అంచు దగ్గరే. అక్కడ తగ్గిన నీటిని భర్తీ చెయ్యడానికి నడిమి నుంచి నీళ్లు అంచు వైపు పారుతూ, రంగు రేణువుల్ని కూడా మోసుకుపోయి అక్కడ దించేస్తాయి. చెరువు గట్టు మీద కూర్చున్న కొంగకు ఈ అంచు కావాలి, గీత గీసినట్టు నిలబెడుతుంది. పొగమంచులో ఉన్న తాటితోపుకు అక్కర్లేదు. అక్కర్లేనప్పుడు కాగితమంతా ముందే తడిపి వేస్తే సరి, అంచే ఉండదు కాబట్టి రంగు చెదిరి మెత్తబడుతుంది. సగం ఆరిన రంగులో పొరపాటున ఒక నీటిబొట్టు పడితే మాత్రం అది రేణువుల్ని నెట్టుకుంటూ పోయి గోబిపువ్వు లాంటి మచ్చ కడుతుంది. తేమ రోజుల్లో ‘సగం ఆరడం’ చాలాసేపు ఉంటుంది, కాబట్టి ఈ ప్రమాదమూ ఎక్కువే. నేనైతే ఆ సమయంలో కుంచె కింద పెట్టి పిట్టల్ని చూస్తూ కూర్చుంటాను.

చూస్తూ కూర్చుంటేనే పాలపిట్ట గుట్టు తెలుస్తుంది. తీగ మీద ఉన్నంతసేపూ మట్టిరంగు పిట్ట. పురుగు కోసం దిగినప్పుడు రెక్క విప్పుతుంది, ముదురు నీలం పక్కన లేత నీలం ఒక్కసారి మెరుస్తుంది. దసరా రోజున దీన్ని చూడాలని మన పెద్దలు ఊరి బయటికి వెళ్లేది ఆ మెరుపు కోసమే అనిపిస్తుంది నాకు. అయితే ఆ నీలం రంగు పదార్థం కాదు. రాలిన ఈకను వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి, నీలం పోయి గోధుమరంగు కనిపిస్తుంది. ఈక నూగులో కెరాటిన్, గాలి కలిసి స్పాంజిలా అల్లుకుని ఉంటాయి. ఆ గదులు ఎంత చిన్నవంటే వెలుతురు తరంగాలతో పోల్చదగ్గవి. వాటి కొలతకు సరిపడే నీలం కాంతి బలపడి వెనక్కి వస్తుంది. మిగతా రంగుల్ని అడుగున ఉన్న మెలనిన్ అనే నల్లటి పదార్థం మింగేస్తుంది. లకుముకి పిట్ట వీపు నీలమూ ఇలాంటిదే. కొంగలో గాలి గదులకు ఒక క్రమం లేదు, అన్ని రంగులూ చెదిరి తెలుపు వచ్చింది. ఇక్కడ క్రమం కుదిరింది, నీలం వచ్చింది.

మనకు ఆ కిటుకు లేదు, రంగు పదార్థమే వాడాలి. ఒకప్పుడు నెల్లూరు, కడప జిల్లాల్లో నీలిమందు పండించేవారు. నీలిమందు అందమైన రంగే కానీ ఎండకు వెలిసిపోతుంది. అల్ట్రామెరైన్ అనే నీలం నిలబడుతుంది. వెనకటికి దాన్ని అఫ్ఘనిస్తాన్‌లో దొరికే లాజవర్దం రాయి నూరి తీసేవారు. ఫ్రాన్స్‌లో 1824లో బహుమతి ప్రకటించి మరీ కృత్రిమంగా తయారు చేయించారు, 1828లో ఆ బహుమతి గిమే అనే రసాయన శాస్త్రవేత్తకు దక్కింది. దాని రేణువులు గరుకు కాగితం గుంటల్లోకి దిగి ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. ముసురు పట్టిన ఆకాశానికి అది ఎంత బాగుంటుందో! పాలపిట్ట రెక్కకు మాత్రం నునుపుగా పరుచుకునే థాలో నీలమే నప్పుతుంది.

రామచిలుక ఇంకా చిత్రం. దాని ఆకుపచ్చ రెండు పొరల పని. లోపల పాలపిట్టలో లాంటి నీలం, దాని మీద చిలుకల జాతిలో మాత్రమే దొరికే ఒక పసుపు పదార్థం. ఆ పసుపు లేకుండా పుట్టిన చిలుక నీలంగా ఉంటుంది. మెలనిన్ లేకుండా పుట్టినది పసుపుగా ఉంటుంది, ఎందుకంటే వెనక నల్లటి అడుగు లేకపోతే నీలం నిలవదు. నేను చిలుకను వేసేటప్పుడు పాలెట్‌లో ఆకుపచ్చ కలపను. ముందు థాలో నీలం పలుచగా వేసి, పూర్తిగా ఆరనిచ్చి, పైన నిమ్మపండు పసుపు పొర వేస్తాను. చిలుక తనను తాను ఎలా రంగేసుకుందో అలాగే. అల్ట్రామెరైన్ మీద ముదురు పసుపు వేస్తే పచ్చదనం మసకబారుతుంది. ఆ నీలం ఊదా వైపు, ఆ పసుపు నారింజ వైపు మొగ్గుతాయి. రెండూ కలిసి మిగిల్చే పచ్చటి వెలుతురు తక్కువ.

గులాబిరంగు కావాలంటే దక్షిణానికి, సూళ్లూరుపేట వైపు వెళ్లాలి. 2022 దాకా అది నెల్లూరు జిల్లానే. పులికాట్ సరస్సులో చలికాలం వేల ఫ్లెమింగోలు దిగుతాయి. వాటి గులాబిరంగు తిండిలోంచి వస్తుంది. నాచులోనూ, ఆ నాచును తినే చిన్న రొయ్యల్లోనూ ఉండే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు ఒంట్లోకి చేరి ఈకలకు పడతాయి. పిల్లలు బూడిదరంగులోనే ఉంటాయి, ఏళ్ల మీద రంగు తేరుతాయి. కాబట్టి గుంపంతటికీ ఒకే గులాబి పూస్తే అబద్ధం చెప్పినట్టే.

నెల్లూరులో పిట్టల బొమ్మల ముచ్చట కొత్తదేం కాదు. 1840ల్లో ఇక్కడ సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ యానాదుల దగ్గర కూర్చుని పిట్టల సంగతులు తెలుసుకున్నాడు. అదే దశాబ్దంలో దక్షిణాది పక్షులవి 50 చిత్రాలతో మద్రాసులో పుస్తకం వేశాడు. బొమ్మలు గీసింది ఇక్కడి చిత్రకారులే. అచ్చైన గీతల మీద చేత్తో రంగులద్దేవారు. ఆ రోజుల్లో బొమ్మకు ఆధారం చంపి తెచ్చిన పిట్ట. చచ్చిన పిట్టలో నీలం వందేళ్లైనా చెదరదు, అది కట్టడంలో ఉన్న రంగు. కానీ కళ్ల రంగు, ముక్కు రంగు, కాళ్ల రంగు త్వరగా మారిపోతాయి. జెర్డన్ పేరు మీదే ఉన్న కలివికోడి 1848లో శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. తర్వాత కనిపించకుండా పోయి, 1986లో కడప జిల్లా పొదల్లో మళ్లీ కనిపించింది. బతికున్న పిట్టను చూసి గియ్యగలగడం ఎంత భాగ్యమో ఆ కలివికోడి కథ తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

నిన్న పొద్దున వేసిన బొమ్మలో మడి, గట్టు, దూరంగా తాటిచెట్లు ఉన్నాయి. ట్రాక్టరు ఆగగానే కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. అప్పటికి నేను మూడింటికి మాత్రమే చోటు వదలగలిగాను. రెక్కల కింద నీలం ఒక్కో పలుచటి గీత, ముక్కులకు పసుపు చుక్కలు పెట్టి, అట్టతో సహా వసారాలో ఆరబెట్టాను. మధ్యాహ్నం దాకా ఆరలేదు.