కార్డు చెప్పే లెక్క

2025 చివరి నుంచి మెమరీ కార్డుల్లో వాడే ఫ్లాష్ చిప్‌ల ధరలు ఎగబాకడంతో, ఏ కార్డును నమ్మాలన్న పాత తగాదా మళ్లీ రాజుకుంది. ఏఐ డేటా సెంటర్లు చిప్‌లను ఎగరేసుకుపోతున్నాయి. డిసెంబరులో మెమరీ చిప్‌ల తయారీ సంస్థ మైక్రాన్ అయితే క్రూషియల్ పేరిట మామూలు కొనుగోలుదారులకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. అసలు సరుకు ప్రియమైనప్పుడు ‘1 టీబీ కొన్ని వందలకే’ అన్న ప్రకటన ఇంపుగానే కనిపిస్తుంది. ఆనక ఫొటోలు తెరుచుకోవు.

1999లో ఎస్‌డీ కార్డు ఎలా పుట్టిందో, ఎలా చిన్నదైందో ఇక్కడ అనవసరం. నేటి గొడవ అర్థం కావాలంటే చంబీ అనే చిన్న ఇంటర్నెట్ పరికరం దగ్గరికి వెళ్లాలి. చైనాలో దాన్ని తయారు చేస్తుండగా, లోపల పెట్టాల్సిన మైక్రోఎస్‌డీ కార్డుల్లో ఒక బ్యాచ్ మొరాయించింది. కార్డు మీద మెమరీ అమ్మకాల్లో పేరున్న కింగ్‌స్టన్ కంపెనీ పేరుంది. పరికరం రూపకర్తల్లో ఒకరైన ఆండ్రూ హువాంగ్ (హార్డ్‌వేర్ లోకంలో ‘బనీ’ అంటేనే తెలుస్తుంది) ఊరుకోలేదు. కార్డుల్లోని గుర్తింపు సంకేతాలు చదివితే పొంతన కుదరలేదు. షెన్‌జెన్‌లోని హువాచియాంగ్‌బెయ్ మార్కెట్లో మరిన్ని కొని, యాసిడ్‌తో పైపొర కరిగించి చూశారు. 2010లో ఆయన బయటపెట్టిన సంగతుల్లో నకిలీల కన్నా అసలైన కార్డుల సంగతే ఎక్కువ ఇబ్బందికరం. పేరు ఒకరిది, లోపలి చిప్ ఇంకొకరిది. అది నేరం కాదు, ఈ వ్యాపారంలో మామూలే. కానీ ‘పేరు చూసి కొనండి’ అన్న సలహాకు అక్కడే తూటు పడింది.

2013 డిసెంబరులో హాంబర్గ్‌లో జరిగిన హ్యాకర్ల మహాసభలో ఆయన, సహచరుడు షాన్ క్రాస్ కలిసి మిగతాది చెప్పారు. ప్రతి కార్డులోనూ కంట్రోలర్ అనే ఒక బుల్లి కంప్యూటర్ ఉంటుంది. ఫ్లాష్ చిప్‌లో చెడిన భాగాలు తప్పవు. ప్రతి చిప్‌నూ కూలంకషంగా పరీక్షించడం కన్నా, చెడినదాన్ని తప్పించి రాసే కంట్రోలర్‌ను పక్కన పెట్టడమే చవక. 80 శాతానికి పైగా పాడైన చిప్‌లూ, పారేసిన వస్తువుల నుంచి ఊడదీసినవీ కార్డుల్లోకి చేరుతుంటాయని వారు చెప్పారు.

కంట్రోలర్‌ను గోదాము గుమాస్తా అనుకోండి. ఎన్ని బస్తాలు పడతాయో అతను చెప్పిందే లెక్క, లోపలికి తొంగిచూసే వీలు ఫోనుకు లేదు. 8 జీబీ చిప్ మీద కూర్చుని 1 టీబీ అని చెప్పేలా గుమాస్తాను మార్చేస్తే ఫోను నమ్ముతుంది. మొదటి 8 జీబీ చక్కగా పనిచేస్తుంది. ఆ తర్వాత కూడా ఫైళ్ల పేర్లు, సైజులు కనిపిస్తూనే ఉంటాయి, లోపల మాత్రం ఏమీ ఉండదు. అది తెలిసేసరికి వాపసు గడువు దాటిపోయి ఉంటుంది. ఇంత ఓపికగా సాగే మోసం ఎలక్ట్రానిక్స్‌లో అరుదు.

కంపెనీల మాట ఒక్కటే: అధీకృత విక్రేత దగ్గరే కొనండి. తప్పు మాట కాదు. అయితే పేర్లు కూడా చేతులు మారుతుంటాయి. 2017లో మెమరీ కార్డుల బ్రాండ్ లెక్సార్‌ను వదిలించుకున్నది పైన చెప్పిన మైక్రానే. చైనాకు చెందిన లాంగ్‌సిస్ ఆ పేరును కొనుక్కుంది. ఫొటోగ్రాఫర్లు పాత నమ్మకంతోనే ఆ పేరు అడుగుతున్నారు.

అట్ట మీది గుర్తులు కూడా సగం మాటే చెబుతాయి. వీ30 అంటే వరుసగా రాసేటప్పుడు సెకనుకు కనీసం 30 ఎంబీ వేగం. పెద్ద అక్షరాల్లో ఉండే 150, 200 అంకెలు సాధారణంగా చదివే వేగానివి. ఎన్నిసార్లు చెరిపి రాస్తే కార్డు అరిగిపోతుందో చెప్పే ప్రామాణిక గుర్తు అంటూ లేదు. కారు కెమెరాలు, సీసీ కెమెరాల్లో కార్డులు ముందుగా చచ్చేది ఆ అరుగుదలతోనే. వాటికి ‘హై ఎండ్యూరెన్స్’ రకం విడిగా అమ్ముతారు. మామూలు కార్డును అలా వాడితే వారంటీ వర్తించదని చాలా కంపెనీలు చిన్న అక్షరాల్లో ముందే రాసుకున్నాయి.

కోఠిలో కొన్నా, యాప్‌లో కొన్నా గుమాస్తా లెక్కను సరిచూసే నమ్మకమైన దారి ఇదీ: ఖాళీ కార్డును అంచు దాకా నింపి, రాసిందంతా తిరిగి చదవడం. విండోస్‌లో హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్‌త్రీ అనే ఉచిత ప్రోగ్రాములు ఆ పనే చేస్తాయి. సెకనుకు 20 ఎంబీ చొప్పున రాస్తే 128 జీబీ నిండడానికే దాదాపు గంటా ముప్పావు పడుతుంది, చదవడానికి ఇంకొంత. పెళ్లి వీడియో తీయబోయేవారు ఆ పని ముహూర్తానికి ముందు రోజు కాక, బిల్లు మీద వాపసు తేదీ ఇంకా మిగిలి ఉండగానే చేసుకోవాలి.