పాలిష్ డబ్బా ముందు తీయకండి: ఇంట్లో కార్ డీటెయిలింగ్‌పై అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఏ పాలిష్ మంచిది?"

నేను డీటెయిలింగ్ (కారుని లోతుగా శుభ్రం చేసి మెరుపు తెచ్చే) పని చేస్తానని తెలియగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఇదే. కారు ఎలా కడుగుతున్నారో, దేనితో తుడుస్తున్నారో, కడిగాక పెయింట్ మీద చెయ్యి పెడితే నున్నగా ఉందో గరగరలాడుతోందో ఎవరూ చెప్పరు, నేను అడిగితే "అదేముంది, మామూలుగా కడుగుతాం" అంటారు. అసలు గొడవంతా ఆ "మామూలుగా" లోనే ఉంది. మధ్యలో ఏ పని ఎలా చేసినా ఫర్వాలేదు, ఆఖర్న పాలిష్ కొడితే అన్నీ సర్దుకుంటాయి అనే నమ్మకం జనంలో బాగా పాతుకుపోయింది. నేను చూసిన పాడైన పెయింట్లు చాలావరకు దీనివల్ల పాడైనవే. అందుకే మిగతా అపోహలు తర్వాత గబగబా చెప్పేస్తాను, దీని దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అపోహ: ఏ వరసలో చేసినా ఒకటే, చివర్లో పాలిష్ అన్నీ సరిచేస్తుంది

వాస్తవం ఏంటంటే పాలిష్ మీ కారుకి కొత్తగా ఏదీ ఇవ్వదు, ఉన్నదాంట్లోంచి కొంత తీసేస్తుంది. ఇప్పటి కార్లకు రంగు పొర మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది కదా, దాని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతుకు మించదు. కారు మెరుపంతా అక్కడే ఉంది, ఎండ దెబ్బ నుంచి రంగుని కాపాడేది కూడా ప్రధానంగా అదే. గీత కనబడకుండా పోవాలంటే ఆ గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని గీత అడుగు దాకా అరగదీయాలి, పాలిష్ చేసే పని అంతకుమించి ఏమీ లేదు. తేలికపాటి పాలిష్‌కి ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి, రబ్బింగ్ కాంపౌండ్‌తో (పాలిష్ కంటే గరుకైన పేస్ట్) గట్టిగా రుద్దితే ఇంకా ఎక్కువే పోతుంది. పోయింది తిరిగి రాదు, మళ్లీ పెయింట్ వేయించడం తప్ప దారి లేదు.

ఇప్పుడు ఈ పని దుమ్ము ఉన్న పెయింట్ మీద చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. పెయింట్‌కి అంటుకున్న ఇసుక రేణువు పాలిష్ రుద్దే ప్యాడ్ కింద ఇరుక్కుంటుంది, ఇక మీ చేతిలో ఉన్నది ప్యాడ్ కాదు, ఉప్పుకాగితం. ఉన్న గీతలు తీయబోయి కొత్తవి గీస్తారు, వాటిని తీయడానికి ఇంకా గట్టిగా రుద్దుతారు, వచ్చే నెల మళ్లీ అదే పని చేస్తారు. బానెట్ అంచులు, డోర్ల మీద బాడీ లైన్లు, మూలల దగ్గర పెయింట్ అసలే పలచగా ఉంటుంది కాబట్టి ముందు అక్కడే క్లియర్ కోట్ అయిపోతుంది. మొదట మసకగా తెల్లటి మచ్చ కనబడుతుంది, తర్వాత పొరలు పొరలుగా లేస్తుంది. ఆ దశలో నా దగ్గరికి తెచ్చి "ఇంకో కోటు పాలిష్ వేస్తే పోతుందా" అని అడిగేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లు కారుని నిర్లక్ష్యం చేసినవాళ్లు కాదు, అతిగా ప్రేమించినవాళ్లు.

డీటెయిలింగ్‌లో వరస ఎందుకంటే దీనికోసమే. ఒక స్టెప్‌లో పెయింట్ మీద మిగిలిపోయిన మురికిని తర్వాతి స్టెప్‌లో మీ చేత్తో మీరే పెయింట్‌లోకి రుద్దుతారు, అందుకని తాకకుండా పోయే మురికి ముందు పోవాలి, మెత్తగా తాకితే పోయేది తర్వాత, రుద్దితే తప్ప పోనిది ఆఖర్న.

మొదట చక్రాలు. బ్రేక్ డస్ట్ (బ్రేకులు అరిగి రాలే పొడి) అంత మొండి మురికి కారు మీద ఇంకెక్కడా ఉండదు, అది కడిగేటప్పుడు చిందినదంతా డోర్ల మీద పడుతుంది, కడిగిన బాడీ మీద పడితే మళ్లీ కడగాలి. చక్రాలకి వేరే బకెట్, వేరే బ్రష్ ఉండాలి, చక్రం వేడిగా ఉన్నప్పుడు క్లీనర్ చల్లకూడదు. తర్వాత బాడీ అంతా నీళ్లతో పైనుంచి కిందికి బాగా కొట్టాలి, ప్రెషర్ వాషర్ ఉంటే ఒక అడుగు దూరం నుంచి. స్నో ఫోమ్ (దుమ్ముని నానబెట్టే చిక్కటి నురగ) ఉంటే చల్లి కొన్ని నిమిషాలు నాననిచ్చి, ఎండకముందే కడిగేయాలి. ఇక్కడిదాకా చెయ్యి కారుని తాకలేదు, గమనించారా? సగం దుమ్ము ఇలా పోవాల్సిందే.

అప్పుడు షాంపూ. రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు, మిట్‌ని (కారు కడిగే మెత్తటి గ్లవ్) ఒక ప్యానెల్ (బానెట్, డోర్ లాంటి ఒక్కో భాగం) అయ్యాక ఉత్త నీళ్లలో జాడించి మళ్లీ షాంపూలో ముంచాలి. రూఫ్ నుంచి మొదలుపెట్టి సిల్స్ (డోర్ల కింద ఉండే అంచులు), బంపర్ల కింది భాగం చివర్లో, ఎందుకంటే ఇసుకంతా అక్కడే ఉంటుంది. గుండ్రంగా కాకుండా తిన్నగా లాగండి.

కడిగాక ఒక పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చెయ్యి పెట్టి తడి పెయింట్ మీద మెల్లగా జరపండి. చేతికి తెలియని గరుకుతనం కవర్‌లోంచి స్పష్టంగా తెలుస్తుంది. నున్నగా ఉంటే సంతోషం, ఆరబెట్టి వాక్స్ వేసుకోండి, ఇక్కడితో అయిపోయింది. గరగరమంటే మాత్రం డీకంటామినేషన్, అంటే పెయింట్‌కి అతుక్కుపోయిన మురికిని తీయడం, చేయాలి. ముందు ఐరన్ రిమూవర్, ఇనుప రేణువులున్నచోట ఊదారంగులోకి మారి కారుతుంది, వాసన ఘోరంగా ఉంటుంది, భయపడకండి. తారు చుక్కలుంటే టార్ రిమూవర్. బాగా కడిగేసి, అప్పుడే క్లే బార్ (అతుక్కున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద). రసాయనంతో పోయేది ముందే పోతే క్లేతో రుద్దాల్సింది తగ్గుతుంది. క్లే ఎప్పుడూ లూబ్రికెంట్ మీద జారాలి, పొడిగా తగలకూడదు, కింద పడిందంటే ఇక అంతే, పారేయండి, కడిగి వాడదామనుకోవద్దు, దాంట్లో గుచ్చుకున్న ఇసుక రాదు.

ఆ తర్వాత మళ్లీ కడిగి, ఆరబెట్టి, అప్పుడు కావాలంటే పాలిష్. "కావాలంటే" అన్నది గట్టిగా చదవండి. నీడలో, టార్చి వెలుగులో చూసి, నిజంగా అవసరమైతేనే. రబ్బరు బీడింగులకీ నల్ల ప్లాస్టిక్‌కీ మాస్కింగ్ టేప్ వేసి, కనబడని మూలలో చిన్న చోట అన్నిటికంటే తేలికైన పాలిష్, మెత్తటి ప్యాడ్‌తో ట్రై చేయండి, అది సరిపోతే అక్కడితో ఆగిపోవాలి. మెషిన్ వాడేది మొదటిసారి అయితే డీఏ పాలిషర్ (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే మెషిన్) తీసుకోండి, రోటరీ (ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగేది) జోలికి వెళ్లకండి, రోటరీ ఒకేచోట వేడి పుట్టించి అంచుల దగ్గర పెయింట్‌ని కాల్చేస్తుంది. పాలిష్ అయ్యాక ప్యానెల్ వైప్‌తో (నూనె తీసే ద్రవం) నూనెలు తుడిచేయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి వాటిని దాచేస్తాయి, పోయాయనుకుంటారు, రెండు వాష్‌ల తర్వాత మళ్లీ ప్రత్యక్షమవుతాయి. పైగా నూనె మీద సీలెంట్ గానీ సిరామిక్ కోటింగ్ గానీ (రెండూ పెయింట్‌ని కాపాడే పై పూతలే) సరిగ్గా అంటదు.

అన్నీ అయ్యాక వాక్స్, సీలెంట్, కోటింగ్‌లలో ఏదో ఒకటి పల్చగా. మందంగా పూస్తే ఎక్కువ రోజులు ఉంటుందనేది ఉత్తమాట, తుడవడానికి చేతులు నొప్పెట్టడం తప్ప లాభం లేదు. అద్దాలు, టైర్ డ్రెసింగ్ ఆఖర్న.

ఈ మొత్తం వరస చూసి "ప్రతి ఆదివారం ఇదంతా చేయాలా" అని కొందరు హడలిపోతారు. అక్కర్లేదండీ! వారం వారం చేయాల్సింది వాష్, ఆరబెట్టడం, అంతే. క్లే ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ కవర్ పరీక్షలో తేలితేనే. పాలిష్‌కి ఏడాది లెక్క కూడా లేదు, కొన్ని కార్లకి ఏళ్లపాటు అవసరం రాదు.

అపోహ: రోజూ పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే కారు కొత్తగా ఉంటుంది

మొన్నామధ్య ఒకాయన నల్లకారు తెచ్చారు, కొని ఏడాది కూడా కాలేదు. ఎండలో నిలబెట్టి చూస్తే బానెట్ నిండా సాలెగూడు గీతలు. కంపెనీ పెయింట్ నాసిరకం వేసిందని ఆయన గట్టి నమ్మకం, పాపం రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదట, ఎవరో రబ్బింగ్ కాంపౌండ్ కొట్టించమంటే కొని కూడా తెచ్చుకున్నారు. రోజూ ఏం చేస్తారు సార్ అని అడిగాను. "పొద్దున్నే ఆఫీసుకెళ్లే ముందు గుడ్డతో నేనే తుడుస్తాను, ఎవరినీ ముట్టుకోనివ్వను" అన్నారు. ఎంత శ్రద్ధో చూడండి! ఆ శ్రద్ధే గీతలు పెట్టింది. గుడ్డ ఎంత మెత్తనిదైనా కావచ్చు, గీసేది గుడ్డ కాదు, దాని కింద ఉన్న దుమ్ము. మైక్రోఫైబర్ అయినా ఇదే కథ. నేను ఆ కారుకి కాంపౌండ్ ముట్టించలేదు, కడిగి, క్లే చేసి, మెత్తటి ప్యాడ్‌తో ఒక్కసారి ఫినిషింగ్ పాలిష్ ఇచ్చి, సీలెంట్ వేశాను. లోతైనవి కొన్ని అలాగే వదిలేశాం, ఆయన ఒప్పుకున్నారు. ఇప్పుడు దుమ్ము పడితే నీళ్లు కొట్టేదాకా అలాగే ఉంచుతున్నారు. దుమ్ము ఉన్న కారు చూడ్డానికి బాగోదు, నిజమే, కానీ దానివల్ల పెయింట్‌కి ఏమీ కాదు.

రెట్ట విషయం మాత్రం వేరు, అది ఆగకూడదు. వెంటనే తడిగుడ్డ వేసి నానబెట్టి, మెత్తబడ్డాక ఎత్తేయండి, గీకకండి. ఎండలో వదిలేస్తే క్లియర్ కోట్‌లో మచ్చ దిగిపోతుంది.

ఇక మిగతావి

గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడగొచ్చా? జిడ్డు తీయడానికి చేసింది అది, వేసుకున్న వాక్స్‌ని కూడా జిడ్డే అనుకుని తీసేస్తుంది. ఒకసారి వాడితే కొంపేమీ మునగదు, అలవాటుగా మాత్రం వద్దు, కార్ షాంపూలో ఉండే జారుడుతనం దాంట్లో ఉండదు.

టూత్‌పేస్ట్‌తో గీతలు పోతాయని వీడియోలు తిరుగుతున్నాయి. టూత్‌పేస్ట్ కూడా అరగదీసే పదార్థమే, ఎంత అరగదీస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. దయచేసి ఇవి ఫార్వర్డ్ చేయకండి.

సిరామిక్ కోటింగ్ వేయిస్తే గీతలు పడవు, కడగక్కర్లేదు అని అమ్మేటప్పుడు చెప్తారు. 9హెచ్ అని రాసేది పెన్సిల్ గట్టిదనం పరీక్ష స్కేలు, వజ్రాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు కాదు. కోటింగ్ మంచిదే, మురికి తేలిగ్గా వదులుతుంది, కానీ రాయి తగిలితే పెయింట్ లేస్తుంది, దుమ్ము మీద గుడ్డ లాగితే గీత పడుతుంది. పైగా గీతలున్న పెయింట్ మీద వేస్తే ఆ గీతల్ని కింద పెట్టి మూత వేసినట్టే, కాబట్టి అది వరసలో చివరిది.

ఎండలో కడిగితే త్వరగా ఆరుతుంది కదా అంటారు. ఆరుతుంది, నీళ్లలోని ఖనిజాలు మచ్చలుగా మిగిలిపోతాయి. నీడలో, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే కడగండి, ఆరబెట్టడానికి పొడి టవల్ పరిచి మెల్లగా లాగండి.

లోపల ముందా బయట ముందా అనే గొడవలో నేను దూరను. మ్యాట్లు దులపడం, వాక్యూమ్ మాత్రం వాష్‌కి ముందే కానిచ్చేయండి, ఆ దుమ్మంతా వచ్చి కడిగిన డోర్ మీద పడకుండా.

ఇప్పటికే గీతలు పడ్డ కారు పెట్టుకుని ఇది చదువుతున్నవాళ్లు టెన్షన్ పడకండి. కారు కడిగి ఆరబెట్టి, గీతకి అడ్డంగా గోరు మెల్లగా జరపండి. గోరు గీతలో ఆగకుండా జారిపోతే అది క్లియర్ కోట్‌లోనే ఉంది, ఎప్పుడైనా తీయొచ్చు, ఈ వారమే తీయాలని లేదు. గోరు పట్టుకుంటే పాలిష్‌తో తీయబోవద్దు, దాని చుట్టూ అరగదీయడానికి అంత మందం ఉండదు, టచప్ పెయింట్ చూసుకోవాలి. పాత కారు కొని, ముందు యజమాని ఎన్నిసార్లు పాలిష్ కొట్టించాడో తెలియకపోతే, మెషిన్ పెట్టే ముందు ఎవరి దగ్గరైనా పెయింట్ మందం కొలిచే గేజ్‌తో ప్యానెల్ ప్యానెల్‌కీ చూపించుకోండి. అది మొత్తం పెయింట్ మందం చెప్తుంది గానీ క్లియర్ కోట్ ఒక్కదానిది చెప్పదు, మామూలు గేజ్‌లు ప్లాస్టిక్ బంపర్ల మీద పనిచేయవు కూడా. ఒక ప్యానెల్ మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే దాన్ని కడిగి, వాక్స్ వేసి, అలాగే వదిలేయండి.